మైకులో చెప్పిన చంద్రహారం

ఇటు తిరిగి పడుకో అమ్మడూ. కాళ్ళు దుప్పట్లో పెట్టు. ఊఁ కొడుతూ ఉండాలి, కొట్టకపోతే కథ అక్కడే ఆపేస్తాను. రాజుగారి కథ వద్దులే ఇవాళ. రాజులు అప్పు చేస్తే ఎవరు తీర్చారో నాకు తెలీదు. మైకుసెట్టు కథ చెబుతాను విను.

అనగనగా నర్సీపట్నం అవతల ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక మైకుసెట్టు కొట్టు. ఆ కొట్టు సన్యాసిరావుది. పెళ్ళయినా, పేరంటమైనా, అమ్మవారి జాతరైనా, ఊళ్ళో ఏ పాట మోగినా ఆయన పెట్టెల్లోంచే మోగాలి. మనిషి మంచివాడే. నోరూ మంచిదే, చెయ్యీ మంచిదే. ఉన్నది ఒక్కటే జబ్బు. నలుగురూ ఏమనుకుంటారన్నది ఆయనకి అన్నం కంటే ముందు కావాలి.

ఆయన భార్య నూకరత్నం. చీరలకి ఫాల్స్ కుట్టేది. వాళ్ళు ఉండేది అద్దెకి, ఒక పెంకుటింటి వెనక వాటాలో. ఆ ఇంటావిడ మహా గట్టి మనిషి. ఏడింటికల్లా నీళ్ళ మోటారు కట్టేసేది. చుట్టాలొస్తే ఎన్నాళ్ళుంటారని వాళ్ళనే అడిగేది. అన్నిటికంటే పెద్ద కట్టడి ఏమిటంటే, గోడకి మేకు కొట్టకూడదు. క్యాలెండరు కిటికీ చువ్వకి కట్టుకోవాలి. దేవుడి పటం బియ్యం డబ్బా మీద నిలబెట్టుకోవాలి. చొక్కా విప్పితే తలుపు మీద వేసుకోవాలి. పెళ్ళయిన నాటినుంచీ నూకరత్నం బతుకు ఇలాగే గడిచింది.

కానీ ఆమెకి ఒక జాగా ఉంది. పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన రెండు సెంట్లు. ఊరి చివర, రైసుమిల్లు వెనక. ఆదివారం మధ్యాహ్నం పని తెమిలాక అక్కడికి పోయేది. ఇటుకముక్కలు పేర్చి ఇది వంటిల్లు, ఇది పడకగది, ఇక్కడ కిటికీ అని గుర్తులు పెట్టుకునేది. ఆ తర్వాత వంటింట్లో కూర్చునేది. వంటిల్లంటే ఏముంది, నాలుగు ఇటుకముక్కల మధ్య గడ్డి. అయినా అక్కడ కూర్చుంటే ఆమె మొహం వేరుగా ఉండేది. సొంత గోడకి ఒక్క మేకు కొట్టుకుని పోవాలి అనేది. అంతకుమించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఊఁ కొట్టు మరి.

ఒక ఏడాది మైకుసెట్టుకి బాగా కలిసొచ్చింది. ముహూర్తాలన్నీ ఆయనవే. అప్పుడు సన్యాసిరావు పెళ్ళానికి ఆరు కాసుల చంద్రహారం చేయించాడు. చేయించి, మంచం మీద కూర్చోబెట్టి మెడలో వేస్తే సరిపోయేది. అలా వేస్తే ఆయన సన్యాసిరావు ఎందుకవుతాడు? అమ్మవారి జాతరలో, స్టేజీ మీదికి ఆమెని పిలిచి, తప్పిపోయిన పిల్లల పేర్లకీ చందాలిచ్చిన పెద్దల పేర్లకీ మధ్యలో మైకు పట్టుకున్నాడు. మా ఇంటి లక్ష్మి శ్రీమతి నూకరత్నానికి ఆరు కాసుల చంద్రహారం బహూకరిస్తున్నాం అని చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గుడి వెనక జీళ్ళ కొట్టువాడికి కూడా వినపడింది. నూకరత్నం సిగ్గుతో చచ్చిపోయింది. కొంచెం సంతోషపడింది కూడా, ఆ మాట దాచడం ఎందుకు.

ఆ తర్వాత క్రెడిట్ కార్డులొచ్చాయి.

మొదటిది ఎర్ర కార్డు. మెడకి టై కట్టుకున్న కుర్రాడు కొట్టుకొచ్చి ఇచ్చాడు. దాంతో సన్యాసిరావు మనిషెత్తు డీజే పెట్టెలు తెచ్చాడు. రెండోది నీలం కార్డు. ఆయన తల్లి నూతి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే విశాఖపట్నంలో ఆపరేషన్‌కి గీకాడు. మూడోది తెల్ల కార్డు. దాంతో ఒక టీవీ కొన్నాడు. తల్లి మంచాన పడుంది కదా, ఏదో చూస్తుందిలే అని.

నెల తిరిగేసరికి ఎర్ర కార్డు కాగితం వచ్చేది. అందులో పెద్ద అంకె ఒకటి, చిన్న అంకె ఒకటి ఉండేవి. చిన్న అంకెని మినిమం అంటారు. కనీసం ఇంత కట్టు, ఈ నెలకి నిన్ను విసిగించం అని దాని అర్థం. సన్యాసిరావు ఆ చిన్న అంకె కట్టి, చూశావా ఎంత మర్యాదస్తులో, ఇంతే అడిగారు అనేవాడు. మినిమం కట్టడం అంటే పుండు మీద ఈగల్ని తోలడం అమ్మడూ. పుండు పుండులాగే ఉంటుంది. ఇంకా లోపలికి పోతుంది.

వడ్డీ అంటే ఏమిటా? నువ్వు నిద్రపోయినా నిద్రపోకుండా పెరిగేది.

ఆ ఊళ్ళో వడ్డీల ఆదెమ్మ అని ఒకావిడ ఉండేది. నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. ఆవిడ ఎదురైతే సన్యాసిరావు వీధి మారిపోయేవాడు, జలగ అనేవాడు. ఎర్ర కార్డు నూటికి నెలకి మూడున్నర తీసుకునేది. దాన్ని మాత్రం పర్సులో దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలున్నాయి కదా, అందుకని అది జలగ కాదు.

నూకరత్నానికి లోపల గుబులు పట్టుకుంది. అప్పుడు ఆ మూడు కార్డుల కాగితాలూ సంచీలో పెట్టుకుని, డ్వాక్రా డబ్బు కట్టే రోజున బ్యాంకులో బంగారం కౌంటరు చూసే హైమవతిగారికి చూపించింది. ఆవిడ కాగితాలు తిరగేసి నెమ్మదిగా చెప్పింది. నీలందానికి నూటికి రూపాయిన్నర, తెల్లదానికి రెండున్నర, ఎర్రదానికి మూడున్నర. చేతికి డబ్బొచ్చినప్పుడల్లా ముందు ఎర్రదాని మీద పోయండి, మిగతా రెండిటికీ మినిమం తప్పకుండా కడుతూ ఉండండి అంది. తొట్టికి మూడు చిల్లులుంటే పెద్ద చిల్లు ముందు మూస్తాం కదా, అంతే అంది. ఆ తర్వాత నూకరత్నం మెడకేసి చూసింది.

"ఇది మా దగ్గర పెడితే నూటికి ముప్పావలా వడ్డీ అమ్మా. ఆ డబ్బుతో ఎర్రది ఒక్క దెబ్బకి పోతుంది. గొలుసు మెల్లగా విడిపించుకోవచ్చు. ఇంతకన్నా చవకైన దారి లేదు."

ముప్పావలా ఎక్కడ, మూడున్నర ఎక్కడ. నూకరత్నం తేలికపడ్డ మనసుతో ఇంటికొచ్చింది. దారి మెడలోనే ఉంది కదా అనుకుంది. పిచ్చిది.

ఆ ఏడు జాతర వచ్చింది. పెట్టెలు తెల్లవార్లూ మోగాయి, డబ్బొచ్చింది. నూకరత్నం ఎర్రదాని మీద పొయ్యమంది. సన్యాసిరావు తల అడ్డంగా ఊపాడు. ఎందుకంటే కొట్టు పెట్టినప్పుడు ఆమె తమ్ముడు చిన్నంనాయుడు దగ్గర చేబదులు తీసుకున్నాడు. వడ్డీ లేదు, గడువు లేదు. కానీ మొన్న ఒక పెళ్ళిలో చిన్నంనాయుడు, ఏం బావా, పెట్టెలు బాగా మోగుతున్నాయి అన్నాడట. అందులో ఏముంది? ఏమీ లేదు. అయినా సన్యాసిరావుకి అది అప్పు అడిగినట్టే వినపడింది. బావమరిది ముందు తలెత్తుకోవాలని, నోట్లు కవర్లో పెట్టి, పైన రెండు డజన్ల అరటిపళ్ళు పెట్టుకుని బండి మీద పోయాడు. నాకేం తొందర బావా, ముందు మీ అవసరాలు చూసుకో అని చిన్నంనాయుడు బతిమాలాడు. ఈయన వినలేదు. వడ్డీ లేని అప్పు తీరిపోయింది. వడ్డీ ఉన్నది అలాగే కూర్చుంది.

అరటిపళ్ళు తమ్ముడి పిల్లలు తిన్నారు, ఆ మాత్రం లాభం.

ఆ తర్వాత వినాయకచవితి వచ్చింది. వీధికో పందిరి, పందిరికో మైకు. మళ్ళీ డబ్బొచ్చింది. మళ్ళీ నూకరత్నం, ఎర్రది మావా, ఎర్రది అంది. ఈసారి సన్యాసిరావు తెల్ల కార్డు తీర్చేశాడు. అన్నిటికంటే చిన్నది కదా, ఒకటి వదిలిపోతే మనసు కుదుటపడుతుందన్నాడు. ఆమె ఫాల్స్ కత్తిరించే కత్తెర తీసుకుని కార్డుని ముక్కలు చేశాడు. సేమ్యా పాయసం చేయించుకున్నాడు. మూడు రెండయ్యాయి రత్నం అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆ మురిపెం పాడుచెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. ఎర్రది ఈలోగా ఎంతయిందో కాగితంలో చూసి, కాగితం మడిచి డబ్బాలో పెట్టేసింది. అప్పుడే అరవాల్సింది. నేనయితే అరిచేదాన్ని.

నిద్రొస్తోందా? ఇంకా అసలు సంగతి ఉంది.

కార్తీకంలో ముహూర్తాలు మొదలయ్యే వేళకి పోలీసులు డీజే పెట్టెలు మోగించొద్దన్నారు. ఎక్కడో పెద్ద చప్పుడుకి ఎవరో ముసలాయన గుండె ఆగిందట. మనిషెత్తు పెట్టెలు కొట్టులో గోడకి ఆనుకుని నిలబడ్డాయి. చిన్న మైకులకి వచ్చే డబ్బు ఇంటి ఖర్చుకీ నీలం కార్డుకీ బొటాబొటీ. ఎర్రదానికి మినిమం కూడా పోగవడం కష్టమైంది. అప్పుడు నూకరత్నం ముసలావిడకి అన్నం పెట్టి వచ్చి, మెడలోంచి చంద్రహారం తీసి మొగుడి ముందు పెట్టింది. మాటలు ముందే అనుకుని ఉంచుకుంది.

"రేపు పొద్దున్నే బ్యాంకుకి పోదాం మావా. ఇప్పటికైతే ఇది సరిపోతాది. పై ఏడికి సరిపోదు."

సన్యాసిరావు గొలుసు వంక చూడలేదు. గుమ్మం వంక చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని.

"ఊరందరికీ మైకులో చెప్పినాను కదే. ఇప్పుడు నీ మెడ బోసిగా కనపడితే ఏటనుకుంటారు?"

ఆమె చాలాసేపు చెప్పింది. ఎవరూ చూడరంది, చూసినా ఏమీ అనరంది, అన్నా ఆ నోళ్ళేమీ మన వడ్డీ కట్టవంది. కావాలంటే గిల్టుది ఒకటి కొనుక్కుని వేసుకుంటానంది. ఆ మాటకి ఆయనకి ఇంకా కోపం వచ్చింది. బంగారం కౌంటరు ముందు కూర్చునే జనంలో మన ఊరివాళ్ళు నలుగురైనా ఉంటారు, వాళ్ళు చూస్తారు అన్నాడు. వాళ్ళూ తాకట్టుకే వస్తారు కదా మావా అంది. ఆయన గొలుసు తీసి మళ్ళీ ఆమె మెడలో వేసి, కొక్కెం తనే పెట్టాడు. ప్రేమగానే పెట్టాడు. అదే నాకు మండుతుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో నీకు కూడా తెలుసు. మినిమం కట్టలేదు. వడ్డీ మీద వడ్డీ పడింది, దాని మీద జరిమానా పడింది. ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఒక ఆడపిల్ల మర్యాదగా అడిగేది. తర్వాత ఒక మగమనిషి తక్కువ మర్యాదగా అడిగాడు. ఆ తర్వాత ఇద్దరు మనుషులొచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు. అరవలేదు, తిట్టలేదు. టీ తెప్పించుకుని తాగారు, రేపు మళ్ళీ వస్తామన్నారు, వచ్చారు. దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. సన్యాసిరావు భయపడింది దానికే.

ఆ రాత్రి ఆయన జాగా మాట తీశాడు.

నూకరత్నం నిర్ఘాంతపోయింది. ఇప్పుడు గొలుసొక్కటే చాలదు నిజమే, గొలుసూ పెట్టెలూ కలిపి అమ్మేస్తే ఎర్రది తీరిపోతుంది కదా అంది. లెక్క సరిగ్గానే చెప్పింది. ఆయన కూడా కాదనలేదు. కానీ పెట్టెలు పోతే కొట్టు ఖాళీ అని ఊరికి తెలుస్తుంది, గొలుసు పోతే మెడ ఖాళీ అని తెలుస్తుంది. మరి జాగా? ఆయన అన్న మాట ఇదీ.

"జాగా అంటే ఎవరికీ కనపడదు కదా రత్నం."

నిజమే, ఎవరికీ కనపడదు. అక్కడ వంటిల్లుందనీ, పడకగది ఉందనీ, కిటికీ తూర్పుకి ఉందనీ ఆమెకి ఒక్కదానికే కనపడేది.

సంతకం పెట్టనంది. అప్పుడు ఆయన అన్నం మానేశాడు. మొదటి రోజు ఆమె కూడా మానేసింది. రెండో రోజు ముసలావిడ మంచంలోంచే, నా కొడుకుని చంపేస్తావా అని ఏడిచింది. మూడో రోజు తమ్ముడు చిన్నంనాయుడు కూడా వచ్చి, పోనీలే అప్పా, మనిషి కంటే జాగా ఎక్కువా అన్నాడు. అందరూ ఆమెనే అడిగారు అమ్మడూ. ఆ గొలుసు తియ్యరా అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. మూడో రోజు పొద్దుగూకే వేళకి, సరే అన్నం తిను మావా అంది. ఆయన తిన్నాడు. పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

రిజిస్ట్రేషన్ రోజున ఆయన ఒక్కటే కోరాడు. చంద్రహారం పైకి కనపడేలా వేసుకో, అప్పులపాలై అమ్ముకుంటున్నామని ఎవరూ అనుకోకూడదు అన్నాడు. ఆమె అలాగే వేసుకుంది. ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండా వేలిముద్రలు తీసుకున్నాడు. జాగా కొన్నావిడ ఎంతసేపూ హద్దుల గురించే అడిగింది, ఆ ఇటుకముక్కలు ఎవరు పేర్చారని అడిగింది. పిల్లలు ఆడుకుని ఉంటారని చెప్పింది నూకరత్నం. ఆ రోజంతా ఆమె మెడ వంక చూసింది సన్యాసిరావు ఒక్కడే.

డబ్బు ఎర్ర కార్డుకి పోయింది. మొత్తం పోయింది. మొదట్లో ముప్పావలా వడ్డీకి తీరాల్సిన అప్పు, రెండు సెంట్ల జాగా మింగి తీరింది.

ఇంటికొచ్చాక సన్యాసిరావు మంచం మీద కూర్చుని, పోనీలే, ఎవరి ముందూ తలవంచుకోలేదు అన్నాడు. అప్పుడు నూకరత్నం చంద్రహారం తీసింది. చేత్తో పట్టుకుని గది చుట్టూ ఒకసారి చూసింది. నాలుగు గోడలు, ఒక్క మేకు లేదు. అప్పుడు వచ్చి దాన్ని ఆయన మెడలో వేసింది. కొక్కెం తనే పెట్టింది.

"తగిలించడానికి నాకు గోడ లేదు మావా. నీ మెడ ఉంది, ఉండనీ."

పోట్లాడలేదు, ఏడవలేదు. లోపలికి పోయి బియ్యం కడిగింది. ఆయన ఆ గొలుసుతో అలాగే కూర్చున్నాడు. తల్లి చూసి, ఏట్రా అది అంది. ఊరంతా వినేలా మాట్లాడిన మనిషికి మంచం దూరం కూడా గొంతు వెళ్ళలేదు.

అంతేనా అంటావా? ఇంకొంచెం ఉంది. ఊఁ కొట్టు.

ఆమె మళ్ళీ ఆ గొలుసు ముట్టలేదు. ముసలావిడకి మళ్ళీ జబ్బు చేస్తే సన్యాసిరావే దాన్ని జేబులో వేసుకుని బ్యాంకుకి పోయాడు, ముప్పావలా వడ్డీకి పెట్టొచ్చాడు. కౌంటరు ముందు మన ఊరివాళ్ళు నలుగురు కాదు, ఆరుగురు కూర్చునున్నారు. జరిగి చోటిచ్చారు.

ఏడాది తిరిగేసరికి రైసుమిల్లు వెనక ఇల్లు లేచింది. గృహప్రవేశానికి మైకుసెట్టు ఎవరిదనుకున్నావు? సన్యాసిరావుదే. బేరం కదా, కాదంటే ఏమనుకుంటారు? పొద్దున్నే పాటలు మోగాయి, వెనక వాటా దాకా వినపడ్డాయి. పిలుపు వచ్చింది కాబట్టి నూకరత్నం కూడా వెళ్ళింది. తను వంటింటికి ఇటుకముక్కలు పెట్టిన చోట వాళ్ళు బాత్‌రూమ్ కట్టుకున్నారు. హాల్లో గోడ నిండా పటాలు, పటానికో మేకు.

పందిట్లో ఊరంతా ఉంది. జాతరలో మైకు విన్నవాళ్ళందరూ ఉన్నారు. ఆమె బోసి మెడతో అందరి మధ్యా నిలబడింది. ఎవరైనా అడుగుతారేమోనని చూసింది, అడిగితే బాగుణ్ణనిపించింది కూడా. వడ్డీల ఆదెమ్మ వచ్చి, భోంచేశావా రత్నం అంది. జీళ్ళ కొట్టువాడు, ఎండ బాగా ఉంది కదమ్మా అన్నాడు. చంద్రహారం ఏదని ఒక్కరూ అడగలేదు. ఆ ఊళ్ళో ఆ మాట గుర్తున్నవాడు సన్యాసిరావు ఒక్కడే. ఆయన పెట్టెల వెనక కూర్చుని, తలొంచుకుని వైర్లు సర్దుతున్నాడు.

పడుకో ఇంక. కళ్ళు మూసుకో.

పెట్టెలు మోగె పందిట్లోన,
వడ్డీ పెరిగె కాగితాన,
మేకుకి గోడ దొరకలే,
మెడలో గొలుసు మిగలలే.
కథ నడిచింది కంచికి,
రత్నం నడిచింది అద్దింటికి,
నువ్వు నడువమ్మా నిద్రకి.